మిద్దె మీది గదికి వైఫై

ఈ సంచికలో నేను తీసికొన్న విషయము కొందరు తలిదండ్రులకు వింతగా తోచవచ్చును. ఇది వ్యాకరణము గాదు, చరిత్రయు గాదు. మన యిండ్లలో క్రింది అంతస్తున నుంచిన వైఫై పెట్టెనుండి మిద్దె మీది గదికి సిగ్నలు సరిగా చేరకపోవుటకు కారణమేమి, చేరునట్లు చేయుటెట్లు అనునదే నేటి పాఠము. నేను తెలుగును, సాంఘిక శాస్త్రమును బోధించినవాడనే గాని భౌతిక శాస్త్రము చదివినవాడను గాను. అయినను ఈ సంగతి నేర్చుకొనక తప్పని స్థితి నా పొరపాటు వలననే నాకు కలిగినది. ముందుగా దానిని చెప్పెదను.

2021 జూలైలో బడులు మూతపడి, పాఠములు సెల్‌ఫోనుల ద్వారా జరుగుచుండెను. తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక పదునైదు దినములలో తొమ్మిది దినములు హాజరు పలుకలేదు. పలికిన దినములలో గూడ మాట ముక్కలు ముక్కలుగా వినబడుచు, నడుమ నడుమ ఆమె లేచిపోవుచుండుట తెర మీద కనబడుచుండెను. నేను ఆమె తండ్రికి ఒక జాబు వ్రాసితిని. చదువుపై శ్రద్ధ తగ్గినదనియు, తరగతి నడుమ లేచి తిరుగుట క్రమశిక్షణకు విరుద్ధమనియు అందులో నుంటిని. ఆయన మారు పలుకలేదు. అదియు నాకు తప్పుగానే తోచినది. ఒకనాటి ఉదయము పాఠము జరుగు వేళనే వారి యింటికి పోయితిని.

మూడంతస్తుల యిల్లు. క్రింద తాతగారు, పెద్దవారు. మొదటి అంతస్తున పెదనాన్నగారి కుటుంబము. రెండవ అంతస్తున వీరు. నేను మెట్లెక్కుచుండగా, రెండవ అంతస్తునకు చేరు మెట్లలో పైనుండి నాలుగవ మెట్టు మీద ఆ బాలిక కూర్చుండి యుండెను. ఒడిలో పుస్తకము, గోడకు చేరగిలబెట్టిన సెల్‌ఫోను, ప్రక్కన రగులుచున్న దోమల చుట్ట. నాకు దారి ఇచ్చుటకై ఆమె లేచి నిలువబడినది. నేను తెర మీద నిన్నటిదాక చూచి కోపించిన లేచిపోవుట అదియే. ఆ మెట్ల మీద ఎవరెక్కినను, ఎవరు దిగినను ఆమె లేవవలసినదే. "ఈ మెట్టు మీదనే వస్తాది సార్, పైన గదిలో రాదు" అని చెప్పినది. ఆ జాబు వ్రాసిన చేతితో నేనేమి చేయగలను? ఆ మెట్టు మీదనే కొంతసేపు నిలువబడితిని.

తండ్రి చెప్పిన సంగతి ఇంకను ముఖ్యమైనది. ఆయన ఊరకుండలేదు. నెలకు 50 మెగాబిట్ల వేగమునకు కట్టుచున్న చందాను మొదట 100 చేసెను, పిదప 200 చేసెను. ఖర్చు పెరిగినదే గాని మిద్దె మీది గదిలో మార్పేమియు లేదు. ఇట్లు చేసినవారు మన పాఠశాల కుటుంబములలో పెక్కుమంది కలరని తరువాత తెలిసినది. ఇదియే ఈ విషయములో మొదటి పొరపాటు, అన్నిటికంటె ఖరీదైనది గూడ.

మనము చందా కట్టునది వీధిలోనుండి మన యింటి పెట్టెదాక వచ్చు వేగమునకు. పెట్టెనుండి పిల్లవాని చేతిలోని సెల్‌ఫోనుదాక పోవునది వేరొక దారి. దానితో చందాకు సంబంధము లేదు. వీధి గొట్టము ఎంత లావుగా నున్నను, సంపునుండి మిద్దె మీది తొట్టికి పోవు గొట్టము సన్నమై యున్నచో పై తొట్టి నిండునా? ఒక వీడియో పాఠమునకు రెండు మూడు మెగాబిట్లు చాలును. నలుగురు పిల్లలు ఒక్కసారి చదివినను 50 మెగాబిట్ల చందా మిగిలియే యుండును. కనుక మిద్దె మీద పాఠము తెగిపోవుచున్నదని చందా పెంచుటకు పూనుకొనకుడు. మొదట పెట్టె ప్రక్కనే నిలువబడి వేగము కొలువుడు. అచ్చట సరిగా నున్నచో లోపము వీధిలో లేదు, మన యింటిలోనే ఉన్నది.

ఇంటిలోని లోపమును తెలిసికొనవలెనన్న వైఫై యనగా నేమో కొంత తెలియవలెను. అది రేడియో తరంగమే. ఆకాశవాణి వార్తలు మోసికొని వచ్చినదానికి ఇది దగ్గర చుట్టము, నిడివి మాత్రము మిక్కిలి తక్కువ. ఈ పద్ధతికి మొదటి ప్రమాణము 1997లో ఏర్పడినది; వైఫై అను పేరు 1999లో వ్యాపారమునకై పెట్టిన ముద్దు పేరే గాని ఏ మాటలకును పొడి అక్షరములు కావు. మన దేశమున 2.4 గిగాహెర్ట్జు పట్టీలో లైసెన్సు లేకుండ ఎవరైనను ఇట్టి పెట్టె వాడుకొనవచ్చునని 2005లో ప్రభుత్వము అనుమతించినది.

2.4 గిగాహెర్ట్జు అనగా సెకనునకు 240 కోట్ల కంపనములు. తరంగము సెకనునకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, భాగించి చూచినచో ఒక్కొక తరంగము నిడివి పండ్రెండున్నర సెంటీమీటర్లు, అనగా సుమారు అయిదు అంగుళములు. నేటి పెట్టెలలో పెక్కింటను ఉండు రెండవ పట్టీ 5 గిగాహెర్ట్జు. దాని తరంగము నిడివి ఆరు సెంటీమీటర్లు, బెత్తెడుకంటె తక్కువ. ఎనిమిదవ తరగతి పిల్లలచేత ఈ లెక్క చేయించుడు. వారికి గణితమునందు నమ్మకము కలుగును.

ఇప్పుడు మన స్లాబు వైపు చూడుడు. అయిదు అంగుళముల మందముగల కాంక్రీటు, దానిలోపల నాలుగైదు ఆరు అంగుళముల ఎడముగా అడ్డముగను నిలువుగను కట్టిన ఇనుప కమ్మీల వల. ఆ గడుల కొలతయు, మన తరంగము నిడివియు ఇంచుమించు ఒకటియే. కావున ఇనుప వల కొంత సిగ్నలును వెనుకకు త్రిప్పికొట్టును. కాంక్రీటు, దానిలోని తేమ మరికొంత మ్రింగివేయును. తొమ్మిది అంగుళముల ఇటుక గోడ దాటునప్పటికి సిగ్నలులో సగమో, నాలుగవ వంతో, ఒక్కొకచో పదవ వంతో మిగులును. స్లాబు దాటునప్పటికి పదవ వంతు మొదలు నూరవ వంతు దాక మాత్రమే మిగులుట కలదు. 5 గిగాహెర్ట్జు పట్టీకి ఈ నష్టము ఇంకను హెచ్చు. అది ఒకే గదిలో గొప్ప వేగమునిచ్చును గాని గోడ కనబడగానే చతికిలబడును. 2.4 నెమ్మది యైనను కొంత దూరము పోగలదు. రెండు స్లాబులు దాటవలసినచో రెండింటి వలనను ప్రయోజనము స్వల్పమే. పలకపలకగా బండలు పరచిన పాత రాతి యిండ్లలో ఈ బాధ మరియొక తీరుగా నుండును. అచ్చట కప్పుకంటె గోడలే శత్రువులు.

లెక్కలేక వైద్యము చేయరాదు. సెల్‌ఫోనులో సిగ్నలు కొలుచు ఆప్ ఒకదానిని ఉచితముగా దింపుకొనవచ్చును. అది ఋణ సంఖ్యలలో కొలత చూపును. పెట్టె ప్రక్కన మైనస్ 35 యుండవచ్చును. మైనస్ 60 వరకు బాగు. మైనస్ 67 దాక వీడియో పాఠము నడచును. 75 దాటినచో మాట తడబడును; 85 వద్ద ఇంచుమించు ఏమియు లేనట్లే. ఈ కొలతలో పది తగ్గెనన్న పదవ వంతైనదని అర్థము, ఇరువది తగ్గెనన్న నూరవ వంతు. పిల్లలను వెంటబెట్టుకొని, ఒక కాగితముపై ఇంటి పటము గీసి, ప్రతి గదిలోను, మెట్ల మీదను, పడక వద్దను, చదువు బల్ల వద్దను సంఖ్య వ్రాసికొనుడు. తలుపులు ఎప్పటివలె మూసియే కొలువుడు. తెరచి కొలిచి సంతోషించి, రాత్రి మూసికొని ఏడ్చినవారిని నేనెరుగుదును.

ఆ యింటిలో మేము కొలిచితిమి. పెట్టె క్రింది హాలులో టీవీ బల్ల అరలోపల, చెక్క తలుపు వెనుక, టీవీ వెన్నంటి యుండెను. దాని ముందు మైనస్ 41. క్రింది మెట్ల మలుపున 58. మొదటి అంతస్తు హాలులో 70. నాలుగవ మెట్టు వద్ద 68. రెండవ అంతస్తులోని గదిలో 86. మొదటి అంతస్తు హాలునుండి పై గదికి పోవుసరికి పదునారు తగ్గినది, అనగా నలుబదవ వంతు మాత్రమే మిగిలినది. నాలుగవ మెట్టు మాటకు వచ్చినచో, సిగ్నలు స్లాబు గుండ పోక మెట్లదారి ఖాళీగుండ పైకి వచ్చుచుండెను. ఆ పిల్ల ఏ పరికరమును లేక, ఒక్కొక మెట్టు మీద కూర్చుండి చూచి, ఆ సంగతి కనుగొనినది.

ఆ పెట్టె అచ్చటనే ఏల యుండెనని విచారించితిని. తాతగారు టీవీలో సినిమాలు చూతురు, కనుక పెట్టె టీవీ వద్ద నుండవలెనని బిగించువాడు అచ్చటనే బిగించి పోయెను. చదువుకొను పిల్లలు ఎచ్చట కూర్చుందురని అతడడుగలేదు, ఎవరును చెప్పలేదు. మన కుటుంబములలో పలుచోట్ల ఇదియే జరిగినది. పెద్దవారిని ఇందులకు నిందింపను. టీవీకి కావలసినది చిన్న కేబులు ముక్క, అది ఎంత దూరమైనను పోవును. సెల్‌ఫోనుకు కేబులు తగిలింపలేము. కావున పెట్టె యుంచుచోటును నిర్ణయించునపుడు కదలనివానిని గాక, చేత పట్టుకొని చదువువారిని తలచుకొనవలెను.

మొదటి పని, రూపాయి ఖర్చు లేనిది, పెట్టెను అరలోనుండి బయటికి తీయుట. ఇనుప బీరువా మీద గాని, బీరువా వెనుక గాని ఉంచరాదు. నిలువుటద్దము, ఫ్రిజ్జు, చేపల తొట్టి, నీళ్ళ డ్రమ్ము, ఇవి సిగ్నలునకు అడ్డులు. లోహము త్రిప్పికొట్టును, నీరు మ్రింగును. వంటింట మైక్రోవేవ్ పొయ్యి యున్నచో దానికి దూరముగా నుంచుడు. అది పని చేయునదియు 2.4 పట్టీకి చేరిన తరంగముతోనే. నేల మీద గాక తలయెత్తున, మెట్లదారి ముఖమున ఉంచుట మేలు. ఆ యింట అర తలుపు వెనుకనుండి తీసి మెట్ల మొదట గోడకు బిగింపగా పై గదిలో 86 పోయి 79 వచ్చినది. చాలదు గాని, ఏడు మార్కులు ఊరక వచ్చినవి.

పెట్టెకు పైన కొమ్ములవలె యాంటెనాలున్నచో వానిని గూర్చి ఒక మాట. నిలువుగా నిలిపిన యాంటెనా చుట్టును సిగ్నలు గారె ఆకారమున వ్యాపించును. యాంటెనా ఆ గారె నడిమి రంధ్రములో పుల్ల గ్రుచ్చినట్లుండును. నాలుగు ప్రక్కలకు నిండుగను, నేరుగా మీదికిని క్రిందికిని పలుచగను పోవును. పడకటింటికి పోవలెనన్న ఇది మంచిదే. నడినెత్తిన ఉన్న గదికి పోవలెనన్న మంచిది కాదు. అట్టి యింట రెండు యాంటెనాలలో ఒకదానిని నేలకు సమాంతరముగా పండబెట్టి చూడుడు. నలుదిక్కులకు నాలుగు త్రిప్పి పెట్టి కాంతులు వెదజల్లునని నమ్ముట వట్టి వేడుక.

ఇంతకంటె మేలైన ఉపాయము పెట్టెను నడిమి అంతస్తునకు మార్చుట. నేడు మన వీధులలో వచ్చునది చాలవరకు ఫైబరు, అనగా వెలుగును మోయు గాజు పోగు. చందా తీసికొన్న సంస్థవారిని అడిగినచో ఆ పోగును గోడ వెంబడి మొదటి అంతస్తుదాక తెచ్చి పెట్టెను అచ్చట బిగింతురు. అప్పుడు క్రిందికొక స్లాబు, పైకొక స్లాబు, రెండు స్లాబులు ఒక ప్రక్కననే దాటవలసిన బాధ ఉండదు. ఫైబరునకు కరెంటు భయము లేదు, ఉరుముల భయము లేదు. కాని దానిని చేతి గాజుకంటె చిన్న చుట్టుగా చుట్టరాదు, మూలల వద్ద మడవరాదు, మేకుతో బిగబట్టరాదు. వెలుగు లోపలినుండి బయటికి జారిపోవును. మిగులు పోగును తెచ్చి ముడి వేసి వ్రేలాడదీయు వారిని చూచినచో చేయి పట్టుకొని ఆపుడు.

చిన్న యింటికి ఇంతవరకే చాలవచ్చును. ముప్పది అడుగుల నలుబది అడుగుల స్థలములో మూడంతస్తులు లేపిన మన యిండ్లకు చాలదు.

అంగడికి పోయినచో సాధారణముగా గోడ ప్లగ్గులో గ్రుచ్చు ఎక్స్‌టెండరు అను చిన్న పెట్టెను అమ్ముదురు. నేనును మొదట దానినే కొంటిని. కొనినవారందరును చేయు తప్పునే నేనును చేసితిని: సిగ్నలు లేని గదిలో దానిని గ్రుచ్చితిని. సిగ్నలు లేనిచోట అది దేనిని అందుకొనును? వినరాని మాటను ఎట్లు తిరిగి చెప్పును? దానిని సిగ్నలు ఇంకను బాగుగా నున్న సగము దారిలో నుంచవలెను. అట్లుంచినను, ఒకే పట్టీలో వినుటయు చెప్పుటయు వంతులవారీగా చేయు చౌక రకము వలన వేగము సగమై పోవును. మెష్ అను పేర అమ్ము రెండు మూడు పెట్టెల జత దీనికంటె మేలు; కాని అవియు స్లాబు గుండ గాలిలోనే మాటలాడుకొనవలసి వచ్చినచో అదే స్లాబు అడ్డము. పెట్టెలు మారినంత మాత్రమున కాంక్రీటు మెత్తబడదు.

నాకు తెలిసినంతలో మేడ యింటికి తిరుగులేని మార్గమొకటే. ప్రతి అంతస్తునకు ఒక కేబులు, ప్రతి కేబులు చివర ఒక వైఫై పెట్టె. స్లాబును దాటు పని రాగి తీగెది. గదిలోని చివరి పది పదునైదు అడుగులు మాత్రమే గాలిది. దీనిని నాకు నేర్పినవాడు మన పాఠశాలలో చదివి ఎలక్ట్రీషియను అయిన యువకుడు. తరగతిలో వెనుక బల్ల వాడు. నేనతని వద్ద రెండు ఆదివారములు శిష్యరికము చేసితిని.

కేబులును గూర్చి కొంత వివరముగా చెప్పవలెను, ఏలయన మోసము ఇచ్చటనే జరుగును. కావలసినది కేటగిరీ 5ఈ గాని 6 గాని. లోపల ఎనిమిది తీగెలు, రెండేసి పెనవేసికొని నాలుగు జతలు. 100 మీటర్ల దాక సెకనునకు 1000 మెగాబిట్లు మోయును. మన యింటి మిద్దెకు ఇరువది మీటర్లు మించదు. చౌక కేబులులో తీగె అల్యూమినియముతో చేసి పైన రాగి పూత పూయుదురు. అది పెళుసు, కొనలు బిగించునపుడు తెగును. చిన్న కత్తితో గీకి చూడుడు. లోపల తెల్లగా కనబడినచో తిరిగి ఇచ్చివేయుడు. ఎనిమిది తీగెలలో ఒక్కటి సరిగా అంటకపోయినను వేగము 1000కి బదులు 100 వద్ద ఆగిపోవచ్చును, అంతయు బాగుగనే ఉన్నట్లు కనబడుచుండవచ్చును. కావున కొనలు బిగించిన పిదప టెస్టరుతో ఎనిమిది దీపములు వరుసగా వెలుగునట్లు చూచిన తరువాతనే డబ్బు చెల్లింపుడు.

దారి ఎట్లు? స్లాబుకు రంధ్రము పెట్టించుటకు తొందరపడకుడు. దూలమునకు గాని, స్తంభమునకు గాని ఎన్నడును రంధ్రము తగదు. కమ్మీ తెగినచో ఇంటికే హాని. మన యిండ్లలో కేబుల్ టీవీ తీగె పోయిన దారి ఒకటి ఉండనే ఉండును. నీటి గొట్టములు పోవు సందు ఉండును. మెట్లదారి గోడ ఉండును. వానిలో ఏదైనను చాలును. కరెంటు తీగెలు పోవు గొట్టములోనే దీనిని దూర్చరాదు. అది అపాయము, సిగ్నలునకును చెరుపు. రెండును ఒకదానినొకటి దాటవలసి వచ్చినచో అడ్డముగా దాటింపుడు. ఇంటి వెలుపలి గోడ మీదుగా పోవునెడల ఎండకు పై తోలు పగులును గనుక బయటి వాడుకకై చేసిన నల్లని కేబులు కొని పీవీసీ గొట్టములో పోనిండు. ఉరుముల కాలమున వెలుపలి రాగి తీగె పిడుగు వేళ పెట్టెలను మాడ్చగలదు. ఆకాశము గర్జించునపుడు కొన ఊడదీయుట మంచి అలవాటు. లోపలి మెట్లదారియే ఉన్నచో ఈ చింత యుండదు.

పైన నుంచుటకు క్రొత్త పెట్టెయే కొననక్కరలేదు. చందా మార్చినపుడు మిగిలిపోయి బీరువాపై దుమ్ము పట్టియున్న పాత రూటరు చాలును. దానిలో యాక్సెస్ పాయింట్ అను ఏర్పాటు కనబడినచో దానినే ఎంచుకొనుడు, పని ముగిసినది. లేనిచో కొంత శ్రమ. క్రింది పెట్టె చిరునామా 192.168.1.1 అయినచో పై దానికి 192.168.1.2 అని మార్చవలెను. ఇంటిలోని పరికరములకు చిరునామాలు పంచు పని, డీహెచ్‌సీపీ యందురు, క్రింది పెట్టెయే చేయవలెను గనుక పై దానిలో ఆపివేయవలెను. ఒక యింట ఇద్దరు పెత్తనదారులున్న గతి ఏమగునో వేరుగా చెప్పనేల? కేబులును పై పెట్టె వెనుక వాన్ అని వేరు రంగులో నుండు రంధ్రములో గాక, లాన్ అని యున్నవానిలో గ్రుచ్చవలెను. నేను ఒక సాయంకాలమంతయు ఈ రెండు రంధ్రముల తేడా తెలియక కూర్చుంటిని. రెండు పెట్టెలకు ఒకే పేరు, ఒకే సంకేత పదము పెట్టినచో పిల్లవాడు క్రిందనుండి పైకి వచ్చునపుడు సెల్‌ఫోను తనంతట తానే దగ్గరి దానికి మారును. ఒక్కొక సెల్‌ఫోను మొండిదై దూరపు దానినే పట్టుకొని యుండును. వైఫై ఒకసారి ఆపి మరల తెరచినచో సరిపోవును. అదే పనిగా ఇట్లు జరుగుచున్నచో క్రింది పెట్టె 2.4 పట్టీ శక్తిని తగ్గింపుడు. తగ్గించుట వలన బాగగుట వింతయే గాని నిజము.

ఛానెలు సంగతి మరువరాదు. 2.4 పట్టీలో ఛానెళ్ళు పదమూడు ఉన్నను, ఒకదానిపై నొకటి పడక నిలువగలవి 1, 6, 11 మూడే. మన వీధిలో గోడకు గోడ ఆనుకొని యిరువది పెట్టెలుండును. సంతలో అందరు నొక్కచోట చేరి అరచినట్లగును. కొలత ఆప్ లోనే ఇరుగుపొరుగువారి ఛానెళ్ళు కనబడును. వానిలో పలుచనిదానిని ఎంచి, క్రింద 1 పెట్టినచో నడుమ 6, పైన 11 పెట్టుడు. వెడల్పు 20 మెగాహెర్ట్జు చాలును. 40 పెట్టినచో ఇరుగువారికి అన్యాయము, మనకు లాభము లేదు. 5 పట్టీలో చోటు విశాలము. పై గదిలోనే పెట్టె యున్నపుడు పిల్లలు దానినే వాడుకొనవలెను.

కరెంటు పోయినచో ఏమగును? ఇన్వర్టరు క్రింది అంతస్తునకు మాత్రమే ఉన్న ఇండ్లలో పై పెట్టె ఆరిపోవును, క్రిందిది వెలుగుచుండును. పిల్ల మరల మెట్ల మీదికి వచ్చును. రూటరునకు కావలసినది పది వాట్ల లోపే. దానికొరకే చేసిన చిన్న బ్యాటరీ పెట్టెలు దొరకును. కొనునపుడు రూటరు అడుగున 12 వోల్టులని యున్నదో 9 వోల్టులని యున్నదో చదివి దానికి సరిపడునదే కొనుడు. ఫైబరు పెట్టె వేరు, రూటరు వేరు అయి రెండున్నచో రెండింటికి బ్యాటరీ కావలెను. ఒకదానికి పెట్టి రెండవదానిని మరచినవారిలో నేనొకడను.

పడక గది దగ్గర పెట్టె యుండిన పిల్లలకు హాని కాదా అని తల్లులు కొందరడిగిరి. వైఫై పెట్టె వెదజల్లు శక్తి సాధారణముగా వాటులో పదవ వంతు. చెవి కానించుకొను 4జీ సెల్‌ఫోను టవరు దూరమైనపుడు అంతకు రెండింతల దాక వెదజల్లును. పైగా దూరము రెట్టింపైనచో తరంగబలము నాలుగవ వంతగును. గోడ మీది పెట్టెను చూచి భయపడి, దిండు క్రింద సెల్‌ఫోను పెట్టుకొని పరుండుట తగునా? రాత్రి పది గంటలకు పై పెట్టెను ఆపుడని నేను చెప్పుటకు కారణము తరంగములు గావు, నిద్ర.

క్రొత్తగా ఇల్లు కట్టుకొనుచున్నవారికి ఒక మనవి గలదు. స్లాబు పోయుటకు ముందు, కమ్మీలు కట్టిన దినమున, అంగుళము పీవీసీ గొట్టమునొకదానిని క్రింది హాలు గోడనుండి పై ప్రతి అంతస్తులోని నడిమి గోడదాక వేయింపుడు. లోపల ఒక ఇనుప తీగెను లాగి ఉంచుడు. రేపు ఏ కేబులైనను దానికి కట్టి లాగవచ్చును. దీనికగు వ్యయము లెక్కలోనికి రానిది. మేస్త్రి దీపములకు, ఫాన్లకు, ఏసీకి గొట్టములు వేయును గాని చెప్పనిదే దీనిని వేయడు. గొట్టము చివర కప్పు దగ్గర గాక, చదువు బల్ల ఉండబోవు గోడను చూచి పెట్టింపుడు. అనగా ఇల్లు లేవకమునుపే పిల్లలు ఎచ్చట చదువుదురో భార్యాభర్తలు కూర్చుండి మాటలాడుకొనవలెను.

ఆ బాలిక యింట ఆ పని మేము 2021 ఆగస్టులో చేసితిమి. పెట్టె మెట్ల మొదటనే ఉండెను. అచ్చటనుండి మెట్లదారి గోడ వెంబడి పదునెనిమిది మీటర్ల కేబులు పైకి లాగితిమి. పై గదిలో పెదనాన్నగారి పాత రూటరు. ఆయనే నిచ్చెన పట్టుకొనెను. పై గదిలో బల్ల వద్ద మైనస్ 44 చూపినది. తాతగారి టీవీకి మూడు మీటర్ల కేబులు ముక్క వేరుగా వేసితిమి; సినిమాకు ఆటంకము కలుగలేదు. చందాను 200 నుండి మరల 50కి దింపుకొనిరి. హాజరు పట్టీలో ఆ తొమ్మిది దినములకు ఎదురుగా నేను వ్రాసిన ఎర్ర సిరా అక్షరములను కొట్టివేసి, నా సంతకము చేసితిని. తండ్రికి రెండవ జాబు వ్రాసితిని. దానిని ఆయన దాచుకొనెనని విని సిగ్గుపడితిని.

ఈ పాఠము చదివి పనికి పూనుకొను తలిదండ్రుల కొరకు పాఠశాల ప్రయోగశాల బీరువాలో కేబులు కొనలు బిగించు పట్టుకారు ఒకటి, ఎనిమిది దీపముల టెస్టరు ఒకటి కొని ఉంచితిమి. కావలసినవారు శనివారము ఉదయము పుస్తకములో పేరు వ్రాసి తీసికొనిపోవచ్చును. సోమవారము మొదటి గంటకు ముందుగా తిరిగి ఈయవలెను. టెస్టరులోని బ్యాటరీ తీసికొనకుడు.